రెండు హైదరాబాదులు, రెండు రకాల గాజులు

కోఠిలోని సుల్తాన్ బజారు ఆడవాళ్ళకు బాగా తెలిసిన బజారు. చిక్కడపల్లి నుంచి వస్తారు. నారాయణగూడ నుంచి, అశోక్‌నగర్ నుంచి వస్తారు. పెళ్ళికి గాజులు కావాలి. శ్రీమంతానికి గాజులు కావాలి. పండుగకు గాజులు కావాలి. మెరిసే రాళ్ళ గాజులు చూసి ఒకామె అడుగుతుంది.

"అన్నా, ఇవి ఎక్కడి గాజులు?"

"మన హైదరాబాదువే అక్కా. లాడ్ బజారుల చేసినవి. లక్క గాజులు" అంటాడు దుకాణం ఆయన.

ఇక్కడికి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో పాకిస్తాను దేశం ఉంది. అక్కడ కూడా గాజుల బజార్లు ఉన్నాయి. అక్కడ ఒకామె ఇదే మాట అడిగినా, దుకాణం ఆయన "హైదరాబాదు గాజులు" అనే చెబుతాడు.

ఇద్దరు చెప్పేదీ నిజమే. ఎందుకంటే హైదరాబాదులు రెండు ఉన్నాయి. రెండు ఊళ్ళకూ గాజులే పేరు తెచ్చాయి.

పేరు ఒకటే

మన హైదరాబాదు మూసీ నది ఒడ్డున ఉంది. తెలంగాణకు రాజధాని. రెండో హైదరాబాదు సింధు నది ఒడ్డున ఉంది. పాకిస్తానులోని సింధు రాష్ట్రంలో అది పెద్ద ఊరు.

హైదర్ అంటే సింహం. హజ్రత్ అలీకి అది బిరుదు. ఆబాద్ అంటే జనం ఉండే ఊరు. ఈ రెండు మాటలు కలిస్తే హైదరాబాదు అయింది.

మన హైదరాబాదును 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. చార్మినార్ కూడా అప్పటిదే. భాగమతి అనే ఆమె పేరు మీద ఈ ఊరిని మొదట భాగ్యనగరం అన్నారని ఒక కథ ఉంది. ఆ కథ నిజమా కాదా అని చరిత్ర చదివినవాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటారు.

సింధు హైదరాబాదును 1768లో గులాం షా కల్హోరా అనే రాజు కట్టించాడు. అంతకుముందు అక్కడ నేరూన్ కోట్ అనే పాత ఊరు ఉండేది. రాజు అక్కడ ఇటుకలతో పెద్ద కోట కట్టించాడు. ఆ కోటను పక్కా కిలా అంటారు.

అంటే మన ఊరు వయసులో పెద్దది. సింధు హైదరాబాదు 177 ఏళ్ళు చిన్నది.

ఒకప్పుడు ఉత్తరం రాస్తే ఊరి పేరు ఒక్కటే రాస్తే చాలేది కాదు. 'హైదరాబాదు, దక్కన్' అని రాయాలి. లేకపోతే 'హైదరాబాదు, సింధు' అని రాయాలి. ఆ ఒక్క మాట మరిచిపోతే ఉత్తరం ఎటు పోతుందో తెలియదు.

రెండు ఊళ్ళలోనూ తెల్లదొర మేడ

కోఠీ అంటే పెద్ద మేడ. ఆ మేడ వల్లే కోఠికి ఆ పేరు వచ్చింది. అది బ్రిటిషు రెసిడెంటు ఉండే మేడ. రెసిడెంటు అంటే నిజాం దగ్గర ఉండే తెల్లదొర. పేరుకు నిజాం రాజ్యం. పెద్ద పనులన్నీ రెసిడెంటు కనిపెట్టి చూసేవాడు. 1800 తరువాతి మొదటి ఏళ్ళలో కిర్క్‌పాట్రిక్ అనే రెసిడెంటు ఆ మేడ కట్టించాడు.

సింధు హైదరాబాదులో కూడా బ్రిటిషువారికి అలాంటి రెసిడెన్సీ ఉండేది. 1843 ఫిబ్రవరి 15న బలూచీ సైనికులు దాని మీద దాడి చేశారు. రెండు రోజుల తరువాత మియానీ అనే చోట పెద్ద యుద్ధం జరిగింది. బ్రిటిషువారు గెలిచారు. సింధు దేశం వాళ్ళ చేతికి పోయింది.

14 ఏళ్ళ తరువాత కోఠిలో కూడా అదే జరిగింది. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ జనాన్ని వెంటబెట్టుకుని రెసిడెన్సీ మీదికి వచ్చారు. ఇక్కడా బ్రిటిషువారే గెలిచారు. తుర్రెబాజ్ ఖాన్‌ను తరువాత కాల్చి చంపారు. మౌల్వీని అండమాను దీవుల జైలుకు పంపారు.

తరువాత కోఠి మేడ ఆడపిల్లల చదువుకు పనికొచ్చింది. 1924లో మొదలైన మహిళా కాలేజీ 1949లో ఈ మేడలోకి వచ్చింది. అదే కోఠి ఉమెన్స్ కాలేజీ. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయం అయింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. దొర మేడకు, దొరల మీద పోరాడిన ఆడమనిషి పేరు వచ్చింది.

మనుషులు అటు ఇటు అయ్యారు

1947 ఆగస్టులో దేశం రెండు ముక్కలైంది. సింధు హైదరాబాదు పాకిస్తానులోకి పోయింది. మన హైదరాబాదు 1948 సెప్టెంబరులో పోలీసు చర్య తరువాత భారతదేశంలో కలిసింది.

సింధు హైదరాబాదులో అప్పుడు హిందువులు చాలామంది ఉండేవారు. ఎక్కువమంది ఇల్లూ వాకిలీ వదిలి ఇటు వచ్చారు. కొందరు బొంబాయిలో స్థిరపడి కాలేజీలు పెట్టారు. ఆ కాలేజీలు నడిపే సంస్థ పేరులో 'హైదరాబాద్ సింధ్' అన్న మాట ఇప్పటికీ ఉంది. ఊరు వదిలారు కాని పేరు వదలలేదు.

ఇటునుంచి కూడా చాలామంది అటు పోయారు. ఆగ్రా దగ్గర ఫిరోజాబాదు అనే ఊరు ఉంది. మట్టి గాజులకు అది పేరు మోసిన ఊరు. మట్టి గాజులంటే అద్దపు గాజులే. అక్కడి గాజుల పనివాళ్ళు చాలామంది సింధు హైదరాబాదు చేరారు. తమతో ఆస్తులు తీసుకుపోలేకపోయారు. చేతిలో ఉన్న పనిని తీసుకుపోయారు. ఆ ఊరికి గాజుల పేరు ఆ చేతుల వల్లే వచ్చింది.

మన హైదరాబాదు నుంచి పోయినవాళ్ళు ఎక్కువగా కరాచీలో ఉన్నారు. అక్కడ హైదరాబాదు కాలనీ అనే పేట ఉంది. ఆ పేటలో మన రకం పచ్చళ్ళు అమ్ముతారు. బగారా బైంగన్ వండుతారు. కరాచీలోనే బహదూరాబాదు అనే పేటలో చిన్న చార్మినార్ కూడా కట్టుకున్నారు.

మిఠాయి దుకాణాల కథ కూడా అలాంటిదే. సింధు నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రమ్నానీ 1953లో మొజంజాహీ మార్కెట్టు దగ్గర బేకరీ పెట్టాడు. అది కోఠికి దగ్గరే. వదిలి వచ్చిన ఊరి మీద ప్రేమతో దానికి కరాచీ బేకరీ అని పేరు పెట్టాడు. దాని పండ్ల బిస్కెట్లు ఊరంతా ఎరుగుదురు. అటు సింధు హైదరాబాదులో 1911 నుంచి ఒక బేకరీ ఉంది. అక్కడి కేకులకు మంచి పేరు. దాని పేరు బొంబాయి బేకరీ. దేశం విడిపోయినా వాళ్ళు ఆ పేరు మార్చలేదు.

రెండు దేశాల మధ్య గొడవ వచ్చినప్పుడు మాత్రం ఈ పేర్లే కొందరికి కంట్లో నలుసు అవుతాయి. 2019లో బెంగళూరులో కరాచీ బేకరీ బోర్డు మీద కరాచీ అనే మాటను గుడ్డతో కప్పవలసి వచ్చింది. 2025 మే నెలలో హైదరాబాదులో కూడా ఆ దుకాణం ముందు గొడవ చేశారు. ఇల్లు పోగొట్టుకుని ఇటు వచ్చినవాళ్ళు పెట్టుకున్న పేరు అది. ఆ సంగతి గొడవ చేసినవాళ్ళకు గుర్తు రాలేదు.

ఏ ఊరు గొప్ప?

రెండు ఊళ్ళ పేరు ఒకటైతే పోటీ రాక మానదు. ఏది అసలు హైదరాబాదు అని వాదిస్తారు.

మాకు చార్మినార్ ఉందని వీళ్ళంటారు. మాకు సింధు నది ఉందని వాళ్ళంటారు. బిర్యానీ మాదంటే మాదంటారు. మన బిర్యానీలో పచ్చి మాంసాన్ని మసాలాలో నానబెట్టి, బియ్యంతో కలిపి దమ్ము పెడతారు. సింధీ బిర్యానీలో ఆలుగడ్డ వేస్తారు. పులుపు, కారం ఎక్కువ.

జనం లెక్క చూస్తే మన ఊరే పెద్దది. 2011 జనాభా లెక్కల్లో మన హైదరాబాదు నగరంలో 67 లక్షలకు పైగా జనం ఉన్నారు. 2017 లెక్కల్లో సింధు హైదరాబాదులో సుమారు 17 లక్షల మంది ఉన్నారు.

పెద్ద ఊరైతే గొప్ప ఊరా? పాత ఊరైతే గొప్ప ఊరా? ఊరికి పేరు తెచ్చిన పని ఒకటి ఉంటుంది. ఆ పని చేసేవాళ్ళు ఎలా బతుకుతున్నారో చూస్తే ఊరి గొప్ప తెలుస్తుంది. అందుకని గాజులు చేసే చేతులను చూడాలి.

ఇక్కడ లక్క గాజు

లక్క చెట్ల మీద దొరుకుతుంది. కుసుమ చెట్టు, మోదుగు చెట్టు, రేగు చెట్టు కొమ్మల మీద చిన్న పురుగులు బతుకుతాయి. అవి విడిచే జిగురే లక్క.

పనివాడు బొగ్గుల మంట మీద లక్కను కరిగిస్తాడు. రంగు కలుపుతాడు. మెత్తగా ఉన్నప్పుడే కడ్డీలాగా సాగదీస్తాడు. ముక్క కోసి గుండ్రంగా వంచి కొసలు అతికిస్తాడు. లోపల లోహపు కట్టు పెడతాడు. లక్క వేడిగా ఉండగానే పైన రాళ్ళు పొదగాలి. చల్లారితే రాయి పట్టదు. వేడి మీద చేయి పెడితే కాలుతుంది. ఈ రెండింటి మధ్య పని జరగాలి.

ఒక్కొక్క గాజు మీద పదుల కొద్దీ రాళ్ళు ఉంటాయి. ఒక్కొక్క రాయిని చిన్న పట్టుకారుతో తీసి పెట్టాలి. పాతబస్తీలో ఆడవాళ్ళు చాలామంది ఈ పనిని ఇంట్లోనే కూర్చుని చేస్తారు. దుకాణం నుంచి సరుకు వస్తుంది. పని అయ్యాక తిరిగి పోతుంది. జతల లెక్కన కూలి ఇస్తారు. పొద్దు పోయేదాకా తల వంచి చేస్తే మెడ పట్టేస్తుంది. కళ్ళు మసకబారతాయి.

ఈ పనిలో పిల్లలను కూడా పెట్టారు. 2015 జనవరిలో పాతబస్తీలో పోలీసులు సోదాలు చేశారు. గాజుల కార్ఖానాల నుంచి 200 మందికి పైగా పిల్లలను విడిపించారు. చాలామంది బీహారు నుంచి తెచ్చిన పిల్లలు. వాళ్ళు బడిలో ఉండవలసిన వయసువాళ్ళు.

అక్కడ మట్టి గాజు

సింధు హైదరాబాదులో చూడీ పాడా అనే పేట ఉంది. అంటే గాజుల పేట. అక్కడ కొలిమిలో గాజును కరిగిస్తారు. తీగలాగా లాగి, తిరుగుతున్న కడ్డీకి చుడతారు. చుట్ట తయారవుతుంది. దాన్ని కోస్తే విడివిడిగా గాజులు వస్తాయి. కాని ప్రతి గాజుకూ కొసలు విడిపోయి ఉంటాయి.

కొలిమి పని కార్ఖానాలో మగవాళ్ళు చేస్తారు. అక్కడి నుంచి గాజులు కట్టలుగా ఇళ్ళకు పోతాయి. మిగతా పని ఆడవాళ్ళది. చిన్న గ్యాసు మంట ముందు కూర్చుంటారు. ఒకామె వంకర పోయిన కొసలను మంట మీద సరిచేస్తుంది. ఇంకొకామె రెండు కొసలను కలిపి అతికిస్తుంది. వేరొకామె మంచివి, విరిగినవి ఏరుతుంది.

ఆ గదిలో ఫ్యాను వేయరు. గాలి తగిలితే మంట కదులుతుంది. గాజు పాడవుతుంది. సింధులో ఎండలు మండిపోతాయి. ఆ ఎండల్లో, మూసిన గదిలో, మంట ముందు కూర్చోవాలి. వేళ్ళు కాలుతాయి. ఊపిరి ఆడదు. గాజు విరిగితే నష్టం ఆమె మీదే పడుతుంది.

ఇక్కడ లక్క, అక్కడ గాజు. ఇక్కడ బొగ్గు, అక్కడ గ్యాసు. కాని పని చేసే ఆమె బతుకు రెండు ఊళ్ళలో ఒకటే. ఇంట్లోనే ఉంటుంది కాబట్టి ఆమెను పనిమనిషి లెక్కలో ఎవరూ వేయరు. "ఇంట్లో ఊరికే కూర్చోక ఏదో చేసుకుంటోంది" అంటారు.

పేరు ఎవరికి వచ్చింది?

ఈ మధ్య రెండు ఊళ్ళలో రెండు మంచి పనులు జరిగాయి. అవి రెండూ వేరు వేరు.

మన ఊళ్ళో 2024లో లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఆ పేరుకు చట్టం కాపలా ఉంటుంది. ఎక్కడో చేసిన గాజులకు 'హైదరాబాదు లక్క గాజులు' అని పేరు పెట్టి అమ్మకూడదు. 2010లో హైదరాబాదు హలీముకు కూడా ఇలాంటి గుర్తింపే వచ్చింది.

సింధులో 2018లో ఒక చట్టం చేశారు. ఇంటి దగ్గర కూర్చుని సరుకు తయారు చేసేవాళ్ళు కూడా కార్మికులే అని ఆ చట్టం చెప్పింది. వాళ్ళ పేర్లు సర్కారు పుస్తకంలో ఎక్కించాలని చెప్పింది. పాకిస్తానులో అలాంటి చట్టం అదే మొదటిది. అది ఊరికే రాలేదు. హైదరాబాదు గాజుల ఆడవాళ్ళు, ఇంకా ఇతర పనుల ఆడవాళ్ళు సంఘం కట్టి ఏళ్ళ తరబడి అడిగారు. చట్టం వచ్చినా అమలు నెమ్మదిగానే సాగింది. అయినా "మేము కార్మికులం" అని చెప్పుకోవడానికి వాళ్ళకు ఒక కాగితం ఆధారం దొరికింది.

ఇక్కడ గాజుకు పేరు వచ్చింది. అక్కడ గాజు చేసే మనిషికి పేరు వచ్చింది. గాజుకు పేరు వస్తే ధర పెరగవచ్చు. కాని పెరిగిన ధర ఎవరి చేతికి పోతుంది? మనిషికి పేరు వచ్చింది. కాని కొనేవాడు మంచి ధర ఇవ్వకపోతే కూలి ఎక్కడి నుంచి పెరుగుతుంది? ఊరికి ఈ రెండూ కావాలి. పోటీ పడితే ఇందులో పడాలి.

మన దేశంలో చట్టాలు లేవని కాదు. బీడీలు చుట్టే ఆడవాళ్ళ సంగతి తెలంగాణలో అందరికీ తెలుసు. వాళ్ళూ ఇంటి దగ్గరే పని చేస్తారు. 1966 నాటి చట్టం వాళ్ళను కూడా కార్మికులుగా ఒప్పుకుంది. గుర్తింపు కార్డు ఉన్నవాళ్ళు, పి.ఎఫ్. ఉన్నవాళ్ళు వాళ్ళలో చాలామంది ఉన్నారు. బీడీకి వీలైంది గాజుకు ఎందుకు వీలు కాదు?

2008లో చేసిన ఒక చట్టం ఇంటి దగ్గర పని చేసేవాళ్ళను కూడా అసంఘటిత కార్మికులలో చేర్చింది. 2021లో ఈ-శ్రమ్ కార్డు మొదలైంది. 16 నుంచి 59 ఏళ్ళ వయసున్న అసంఘటిత కార్మికులు పేరు రాయించుకోవచ్చు. ఆధార్ నంబరు, ఫోను నంబరు, బ్యాంకు ఖాతా నంబరు కావాలి. పేరు రాయించుకోవడానికి రుసుము లేదు. కార్డు వచ్చినంత మాత్రాన కూలి పెరగదు. కాని 'ఏం పని చేస్తారు' అన్న చోట 'గాజుల పని' అని పడుతుంది. 'ఊరికే ఇంట్లో ఉంటుంది' అన్న మాట పోతుంది.

లెక్క రాసుకుంటే తెలుస్తుంది

చదువు వచ్చిన చేతికి లెక్క కూడా రావాలి. ఉదాహరణకు ఒక లెక్క చూడండి. ఇది తెలుసుకోవడానికి వేసిన లెక్క మాత్రమే.

ఒకామె రోజుకు 8 జతల గాజులకు రాళ్ళు పొదుగుతుందనుకోండి. జతకు కూలి 15 రూపాయలు అనుకోండి.

8 జతలు × 15 రూపాయలు = 120 రూపాయలు.

జిగురుకు, కరెంటుకు ఖర్చు 20 రూపాయలు.

చేతికి మిగిలేది 100 రూపాయలు.

పని చేసింది 10 గంటలు. అంటే గంటకు 10 రూపాయలు.

కూతురు కూడా 3 గంటలు కూర్చుని సాయం చేసిందనుకోండి. అప్పుడు మొత్తం 13 గంటలు. గంటకు 8 రూపాయలు కూడా పడలేదు. కూతురి చదువు వేళ కూడా పోయింది.

రాసుకోకముందు 'రోజుకు 120 వస్తోంది' అనిపిస్తుంది. రాసుకున్న తరువాత అసలు సంగతి కనిపిస్తుంది.

గాజుల పనే కానక్కరలేదు. కుట్టు పని, జరీ పని, అగరుబత్తీల పని, అప్పడాల పని అన్నిటికీ ఇదే లెక్క. ఒక చిన్న పుస్తకం పెట్టుకోవాలి. తేదీ రాయాలి. ఎన్ని ఇచ్చారు, ఎన్ని చేశారు, ఎంత ఇచ్చారు, ఎంత బాకీ ఉంది అని రాయాలి. సరుకు ఇచ్చిన మనిషి చేత సంతకం పెట్టించుకోవాలి. కూలి దగ్గర పేచీ వస్తే ఆ పుస్తకమే సాక్ష్యం. ఏ పనికి కనీస కూలి ఎంతో సర్కారు ప్రకటిస్తుంది. కార్మిక శాఖ ఆఫీసులో అడిగి తెలుసుకోవచ్చు. ఒక్కరు అడిగితే వినరు. పదిమంది కలిసి అడిగితే వింటారు. సింధు హైదరాబాదు ఆడవాళ్ళు చేసింది అదే.

రెండు హైదరాబాదుల మధ్య సరిహద్దు ఉంది. అక్కడి ఆమె ఇక్కడికి రాలేదు. ఇక్కడి ఆమె అక్కడికి పోలేదు. కాని అక్కడి ఆమె సాధించిన చట్టం గురించి ఇక్కడ చదువుకోవచ్చు. చదివి, ఇక్కడా అడగవచ్చు.

మాట్లాడుకోండి

1. రెండు హైదరాబాదులలో ఏది పాతది? ఎన్ని ఏళ్ళు పాతది?

2. మీ పేటలో ఇంటి దగ్గర కూర్చుని సరుకు తయారు చేసే ఆడవాళ్ళు ఎందరు? ఏయే పనులు చేస్తున్నారు? పేర్లు రాయండి.

3. వాళ్ళకు గంటకు ఎంత కూలి పడుతోంది? పైన చూపినట్టు లెక్క వేయండి.

4. వస్తువుకు పేరు వస్తే ఎవరికి లాభం? మనిషికి పేరు వస్తే ఎవరికి లాభం?

5. మీ ఊరు గొప్పది అని చెప్పాలంటే మీరు ఏం చూపిస్తారు?